నూట తొమ్మిది కోట్ల నంబరు రైతు: పాత ప్రోగ్రాం కొత్త మెషీన్‌కి మారితే డీబగ్గర్ ఏం చూపిస్తుంది?

ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి దగ్గర ఒక రైస్ మిల్లు. ఆఫీసు గదిలో కొత్త కంప్యూటర్ తెర మీద మొదటి రైతు పేరు ‘ములు’ అని వచ్చింది. ఆయన పేరు రాములు. వరుస నంబరు 1 ఉండాల్సిన చోట 109,58,92,993 అని ఉంది. యజమాని కళ్లజోడు పైకి తోసుకుని ఆ అంకెను వేలితో లెక్కపెట్టుకున్నారు. “ఏటి బాబూ, నూట తొమ్మిది కోట్లేటి? జిల్లా అంతా కలిపినా అంతమంది లేరు కదా” అన్నారు.

ప్రోగ్రాం కొత్తదేం కాదు. ఇరవై ఏళ్ల కిందట ఎవరో కుర్రాడు సీ భాషకి అప్పట్లో వాడిన టర్బో సీలో రాసిచ్చి వెళ్లాడు. దాన్ని లినక్స్ మీదకు తెచ్చే పని నా మీద పడింది. తెర తుడవడం లాంటి డాస్ (విండోస్‌కి ముందటి ఆపరేటింగ్ సిస్టం) కాలపు పనులు చేసే నాలుగైదు ఫంక్షన్లు తీసేసి, వాటి బదులు వేరేవి పెట్టి, జీసీసీ అనే కంపైలర్‌తో కంపైల్ చేశాను, అంటే కోడ్‌ని మెషీన్ ఆదేశాలుగా మార్చాను. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. ప్రోగ్రాం హాయిగా నడిచింది. లెక్కలే తప్పాయి.

ఈ మధ్య ఇలాంటి పనులు ఎక్కువగా వస్తున్నాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. 32 బిట్ విండోస్ 10 వరకు పాత డాస్ ప్రోగ్రాంలను ఎలాగో ఒకలా నేరుగా నడిపించుకోవచ్చు. విండోస్ 11కి 32 బిట్ రకమే లేదు. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాంను ముట్టుకోదు. మిల్లుల్లో, మందుల షాపుల్లో, కిరాణా హోల్‌సేల్ కొట్లలో ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసిన చిన్న చిన్న ప్రోగ్రాంలు కొత్త పెట్టె కొనగానే మూగబోయాయి. వాటిని మళ్లీ మాట్లాడించే పనినే పోర్టింగ్ అంటారు. ఆ పనిలో అందరూ పేరు విని, కొద్దిమందే చేత్తో పట్టుకునే పనిముట్టు సోర్స్ లెవెల్ డీబగ్గర్: నడుస్తున్న ప్రోగ్రాంను మధ్యలో ఆపి లోపల ఏముందో చూపించేది.

## పట్టాలు మారాయి, ఊళ్లు అవే

మా వైపు వాళ్లకి పోర్టింగ్ సంగతి చెప్పాలంటే నౌపడ–గుణుపూర్ రైలు లైను చాలు. పర్లాకిమిడి రాజావారి చలవతో 1900లో మొదలైన ఆ బుల్లి లైను వెడల్పు 762 మిల్లీమీటర్లు. ఇప్పుడది బ్రాడ్‌గేజ్, 1,676 మిల్లీమీటర్లు. ఊళ్లు అవే, స్టేషన్ల పేర్లు అవే, టికెట్టు కొనే మనిషికి పెద్ద తేడా తెలియదు. కానీ పాత బోగీని తెచ్చి కొత్త పట్టాల మీద పెడితే నిలవదు. బోగీ పాడైపోయిందని కాదు, అది తయారైన కొలత వేరు.

ప్రోగ్రాం కూడా అంతే. రాసినవాడు తన మెషీన్ కొలతల్ని తెలిసో తెలియకో లోపల పెట్టేస్తాడు. ఆపరేటింగ్ సిస్టం మారినా, ప్రాసెసర్ మారినా, చివరికి కంపైలర్ ఒక్కటే మారినా ఆ కొలతల్లో ఏదో ఒకటి మారొచ్చు.

సీ భాషలో పూర్ణాంకాలు పట్టే ఇంట్ అనే రకం కుంచం లాంటిది. కుంచెడు ధాన్యం అంటే అందరికీ అర్థమవుతుంది, కానీ ఊరు దాటితే కుంచం కొలత మారేది. టర్బో సీలో ఇంట్ అంటే 2 బైట్లు, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ఇవాళ్టి జీసీసీలో ఇంట్ అంటే 4 బైట్లు, 214 కోట్లు దాటి పడుతుంది. లాంగ్ అనే రకం మరీ తికమక: 64 బిట్ విండోస్‌లో 4 బైట్లు, 64 బిట్ లినక్స్‌లో 8. ఒకే ప్రాసెసర్, ఒకే లైను కోడ్, రెండు కొలతలు. సీ ప్రమాణం కనీస హద్దులే చెప్పి, అసలు కొలతను కంపైలర్ తయారుచేసేవాళ్లకు వదిలేసింది కాబట్టి ఇందులో ఎవరి తప్పూ లేదు.

## సోర్స్ లెవెల్ అనే మాట ఎందుకు

కంపైలర్ పని అయ్యాక మనం రాసిన కోడ్ ఉండదు, మెషీన్ ఆదేశాలే ఉంటాయి. ‘మొత్తం’ అని మనం పేరు పెట్టుకున్న వేరియబుల్ మెమరీలో ఒక చోటుగానో, ప్రాసెసర్‌లో రిజిస్టర్ అనే చిన్న గడిగానో మారిపోతుంది. పేరు పోతుంది.

కంపైల్ చేసేటప్పుడు హైఫన్ జీ అనే ఆప్షన్ ఇస్తే కంపైలర్ ప్రోగ్రాంతో పాటు ఒక పట్టిక కూడా రాసిపెడుతుంది. ఫలానా ఆదేశం ఫలానా ఫైల్లో 142వ లైనుది, ఫలానా పేరు గల వేరియబుల్ స్టాక్‌లో ఫలానా చోట ఉంది, దాని రకం ఇది, స్ట్రక్చర్ (కొన్ని ఫీల్డులు కలిపి కట్టిన మూట) అయితే అందులో ఏ ఫీల్డ్ ఎన్నో బైటు దగ్గర మొదలవుతుంది అని. లినక్స్‌లో ఈ పట్టికకు వాడే పద్ధతి పేరు డ్వార్ఫ్. ఆ పట్టిక చదివి, నడుస్తున్న ప్రోగ్రాంను మన కోడ్ భాషలోనే మనకు చూపించేది సోర్స్ లెవెల్ డీబగ్గర్. పట్టిక లేకపోతే అదే డీబగ్గర్ ఉత్త చిరునామాలు, ప్రశ్న గుర్తులు చూపించి ఊరుకుంటుంది.

వీటిలో బాగా వాడుకలో ఉన్నది జీడీబీ. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాశారు. ఎల్‌ఎల్‌వీఎం వాళ్ల ఎల్‌ఎల్‌డీబీ ఇంకొకటి. విజువల్ స్టూడియో కోడ్ లాంటి ఎడిటర్లలో బొత్తాలు నొక్కి వాడేది కూడా చాలావరకు వెనక ఈ రెంట్లో ఒకటే.

ఇక్కడ ఒక మాట. మన కాలేజీల్లో లక్షల మంది సీ నేర్చుకున్నది టర్బో సీ నీలం తెర మీదే. ఆల్ట్ ఎఫ్5 నొక్కితే అవుట్‌పుట్ కనిపిస్తుందని అందరికీ గుర్తే. అదే తెరలో ఎఫ్7 నొక్కితే లైను లైనుగా లోపలికి వెళ్లొచ్చని, కంట్రోల్ ఎఫ్7తో వేరియబుల్‌ని కనిపెట్టుకుని కూర్చోవచ్చని చెప్పిన మేస్టారు ఎంతమందికి దొరికారో! సోర్స్ లెవెల్ డీబగ్గర్ మన బల్ల మీదే ఏళ్ల తరబడి ఉంది. మనం దాన్ని తాకలేదు.

## ప్రోగ్రాం ‘ఆగడం’ వెనక ఏం జరుగుతుంది

డీబగ్గర్‌కి మనం ఇచ్చే ముఖ్యమైన ఆజ్ఞ ‘ఇక్కడ ఆగు’. దాన్ని బ్రేక్‌పాయింట్ అంటారు. ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీద దీని గుట్టు ఒక్క బైటులో ఉంది. మనం చెప్పిన లైనుకి చెందిన మొదటి ఆదేశంలో మొదటి బైటును డీబగ్గర్ తీసి జేబులో వేసుకుని, దాని స్థానంలో 204 అనే విలువ పెడుతుంది. ప్రాసెసర్‌కి 204 అంటే ‘ఆగి కెర్నెల్‌ని పిలువు’ అని అర్థం. ప్రోగ్రాం అక్కడికి రాగానే ఆగిపోతుంది, ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ లాంటి ఆ కెర్నెల్ ఈ కబురు డీబగ్గర్‌కి చేరుస్తుంది, మనకు ప్రాంప్ట్ వస్తుంది. ముందుకు వెళ్లమన్నప్పుడు డీబగ్గర్ అసలు బైటును తిరిగి పెట్టి, ఒక్క అడుగు వేయించి, మళ్లీ 204 పెట్టేస్తుంది.

‘ఈ వేరియబుల్‌ని ఎవరు మార్చినా ఆగు’ అనేది ఇంకో రకం, వాచ్‌పాయింట్. దీనికి ప్రాసెసర్ లోపలే ప్రత్యేక రిజిస్టర్లు ఉంటాయి. ఇంటెల్ తరహాలో చిరునామాలు పెట్టుకోవడానికి ఉన్నవి నాలుగే. అందుకని ఒకేసారి పది వేరియబుల్స్‌కి కాపలా పెట్టాలంటే ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది.

మిగతావి తేలికే. నెక్స్ట్ అంటే తర్వాతి లైను, స్టెప్ అంటే ఫంక్షన్ లోపలికి, ప్రింట్ అంటే విలువ చూపించు, బ్యాక్‌ట్రేస్ అంటే ఎవరు ఎవరిని పిలిస్తే ఇక్కడికి వచ్చామో చెప్పు. ఈ నాలుగు, బ్రేక్‌పాయింట్ కలిపి ఒక పూట పాఠం. కష్టం ఆజ్ఞల్లో లేదు. ఎక్కడ ఆగాలి, ఆగాక దేన్ని దేనితో పోల్చాలి అన్నదాంట్లో ఉంది.

మామూలు బగ్ వేటలో ‘ఈ కోడ్‌లో తప్పేమిటి’ అని వెతుకుతాం. పోర్టింగ్‌లో ఆ ప్రశ్న మనల్ని ఎక్కడికీ తీసుకెళ్లదు, ఎందుకంటే కోడ్ ఇరవై ఏళ్లుగా ఒప్పుగానే నడిచింది. అడగాల్సింది వేరు: పాత మెషీన్, కొత్త మెషీన్ రెండూ ఒకే దారిలో నడిచి, మొట్టమొదట ఎక్కడ విడిపోయాయి? ఆ చోటు దొరికితే మిగతా సగం పని కళ్ల ముందే ఉంటుంది. నా అనుభవంలో పోర్టింగ్‌కి డీబగ్గర్ నేర్చుకోవడం అంటే ఈ పోలిక నేర్చుకోవడమే.

## రాములు పేరులో ‘రా’ ఎక్కడికి పోయింది

మిల్లు ప్రోగ్రాంలో ఒక్కో రైతుకి ఒక రికార్డు. అందులో నాలుగు ఫీల్డులు: వరుస నంబరు ఇంట్, పేరు 21 అక్షరాలు, బస్తాలు ఇంట్, బరువు ఫ్లోట్ (దశాంశాలు పట్టే రకం). ఆ స్ట్రక్చర్‌ని ఉన్నది ఉన్నట్టు డేటా ఫైల్లోకి రాసేశాడు ఆ కుర్రాడు. అప్పట్లో అందరూ చేసిన పనే.

ముందు పాత పక్క. కొత్త మెషీన్ మీద డాస్‌ని అనుకరించే ప్రోగ్రాం డాస్‌బాక్స్. డాస్‌బాక్స్‌లో టర్బో సీ తెరిచి, ఫైలు చదివే లైను దాటేదాకా ఎఫ్8తో అడుగులు వేయించి, వాచ్ కిటికీలో చూస్తే నంబరు 1, పేరు రాములు అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో. సరే. ఇప్పుడు కొత్త పక్క. జీడీబీలో అదే లైను తర్వాత బ్రేక్‌పాయింట్ పెట్టి రికార్డు ప్రింట్ చేస్తే నంబరు 109,58,92,993, పేరు ‘ములు’.

అంటే లెక్కలు వేసే చోట, బిల్లు ముద్రించే చోట వెతకక్కర్లేదు. ఫైల్లోంచి మొదటి రికార్డు చదవగానే దారులు విడిపోయాయి. ఈ ఒక్క విషయం తేలడంతో దాదాపు రెండు వేల లైన్ల కోడ్ అనుమానితుల జాబితాలోంచి బయటపడింది.

తర్వాత జీడీబీలో ఎగ్జామిన్ ఆజ్ఞతో ఆ రికార్డు ఉన్న మెమరీని బైటు బైటుగా చూశాను. వరసగా: 1, 0, 82, 65, 77, 85, 76, 85, 0. ఇందులో 82 నుంచి 85 దాకా ఆరు బైట్లు ఇంగ్లీషు అక్షరాల కోడ్ నంబర్లు: ఆర్, ఏ, ఎం, యు, ఎల్, యు. ఫైల్లో రాములు పదిలంగానే ఉన్నాడు. పాత ఇంట్ 2 బైట్లు కాబట్టి ‘1, 0’ మాత్రమే నంబరు. కొత్త ఇంట్ 4 బైట్లు మింగుతుంది కాబట్టి ‘1, 0, 82, 65’ అంతా నంబరే అనుకుంది. ఈ ప్రాసెసర్లు తక్కువ స్థానవిలువ ఉన్న బైటును ముందు పెడతాయి. కాగితం మీద వేస్తే: 1, దానికి 0 ఇంటూ 256, దానికి 82 ఇంటూ 65,536, దానికి 65 ఇంటూ 1,67,77,216. అన్నీ కలిపితే సరిగ్గా 109,58,92,993. యజమాని గారి నూట తొమ్మిది కోట్లలో రాములు పేరులోని మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు దాక్కున్నాయి.

అయితే ఇంట్‌ని 2 బైట్ల రకానికి మార్చేస్తే చాలా? నేనూ అలాగే అనుకున్నాను. మార్చాను. రాములు బాగుపడ్డాడు, ఆయన బస్తాల సంఖ్య పాడైంది. ఇక్కడ జీడీబీలో ఒక ఆజ్ఞ నన్ను కాపాడింది. పీటైప్ అనే ఆజ్ఞకి స్లాష్ ఓ తగిలిస్తే, స్ట్రక్చర్‌లో ఒక్కో ఫీల్డ్ ఎన్నో బైటు దగ్గర మొదలై ఎన్ని బైట్లు తింటుందో పక్కన రాసి చూపిస్తుంది, మధ్యలో ఖాళీ ఉంటే ఇన్ని బైట్ల గుంత అని కూడా చెబుతుంది. పేరు తర్వాత గుంత ఉంది.

ఎందుకంటే కొత్త కంపైలర్లు ప్రతి ఫీల్డ్‌ని దాని సైజుకి తగ్గ హద్దు మీద మొదలుపెడతాయి. మొదట నేను ఏమీ మార్చకముందు లెక్క ఇది: నంబరు 4, పేరు 21, గుంత 3, బస్తాలు 4, బరువు 4, మొత్తం 36 బైట్లు. టర్బో సీ మామూలుగా గుంతలు వదలదు: 2, 21, 2, 4, మొత్తం 29. డేటా ఫైల్లో 1,200 మంది రైతులు, అంటే 34,800 బైట్లు. దాన్ని 36తో కొలిస్తే 966 రికార్డులు వచ్చి 24 బైట్లు మిగులుతాయి. పదకొండు గజాల గుడ్డని తప్పు గజంబద్దతో కొలిచినట్టు, చివర ముక్క మిగిలిందంటేనే కొలత మీద అనుమానం రావాలి. ఫైలు సైజును రికార్డు సైజుతో భాగించి చూసే బుద్ధి నాకు ముందే పుట్టి ఉంటే ఒక సాయంత్రం మిగిలేది.

దిద్దుబాటుకి రెండు దారులున్నాయి. గుంతలు వదలొద్దని కంపైలర్‌కి చెప్పే ‘ప్యాక్డ్’ గుర్తు పెట్టడం ఒకటి. రెండు మాటల్లో అయిపోతుంది, కానీ ఆ స్ట్రక్చర్‌లోని ఫీల్డ్‌కి పాయింటర్ (మెమరీ చిరునామా) తీసుకుని వాడితే, హద్దు మీద లేని చిరునామాని ఒప్పుకోని ప్రాసెసర్ల మీద ప్రోగ్రాం కూలుతుంది. ఫైల్లోంచి 29 బైట్లు చదివి ఒక్కో ఫీల్డ్‌ని మనమే విడదీసుకోవడం రెండోది. కోడ్ పెరుగుతుంది, కానీ రేపు ఏ మెషీన్‌కి వెళ్లినా నిలుస్తుంది. నేను రెండోదే చేశాను.

## 224 ఒక చోట, అదే బైటు మైనస్ 32 ఇంకో చోట

మా ఊళ్లో బిల్లు మీద తెలుగు పేరు, కింద ఒడియా పేరు, ధరలు ఇంగ్లీషు అంకెల్లో ఉండటం మామూలే. ఇంగ్లీషు అక్షరాల్ని ప్రింటర్‌కి నేరుగా పంపి, తెలుగు, ఒడియా అయితే బొమ్మగా గీసి పంపే ప్రోగ్రాం ఒకటి ఉందనుకుందాం. ఇంటెల్ కంప్యూటర్ మీద బ్రహ్మాండంగా నడుస్తోంది. ఖర్చు తగ్గుతుందని దాన్ని రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న ఏఆర్ఎం బోర్డు మీదకి మార్చారు. ఇంగ్లీషు ముక్కలు బాగానే వస్తాయి, తెలుగు, ఒడియా పేర్లు మాత్రం పిచ్చి గీతలు.

అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. ‘ప’ అంటే 224, 176, 170. ఒడియా ‘ప’ 224, 172, 170. మధ్య బైటు ఒక్కటే తేడా: తెలుగు బ్లాకులో అది 176 లేదా 177, ఒడియాలో 172 లేదా 173. సరిహద్దు ఊరికి తగ్గ పోలికే.

అక్షరం ఇంగ్లీషా కాదా తేల్చడానికి ప్రోగ్రాం రాసినవాడు ఒక అడ్డదారి తొక్కాడు: చార్ (సీలో ఒక బైటు పట్టే రకం) విలువ సున్నా కంటే తక్కువైతే ఇంగ్లీషు కాదు. ఇంటెల్ లినక్స్‌లో ఉత్త చార్ అంటే మైనస్ 128 నుంచి 127 దాకా పట్టే రకం. 224 అందులో పట్టదు కాబట్టి మైనస్ 32గా కనిపిస్తుంది, షరతు నిజమవుతుంది. ఏఆర్ఎం లినక్స్‌లో ఉత్త చార్ 0 నుంచి 255 దాకా. అక్కడ 224 అంటే 224 మాత్రమే. అది సున్నా కంటే తక్కువ కావడం ఎప్పటికీ జరగదు.

రెండు మెషీన్ల మీదా జీడీబీ తెరిచి ఆ షరతు దగ్గర ఆపి చార్‌ని ప్రింట్ చేస్తే ఈ తేడా ఒక్క లైనులో తేలిపోతుంది. ఒక తెర మీద మైనస్ 32, ఇంకో తెర మీద 224, రెంటి పక్కనా కోట్స్‌లో అదే 340. ఆ 340 అనేది ఎనిమిది ఆధారంగా రాసిన 224. అంటే బైటు ఒకటే, దాన్ని చదివే తీరు వేరు. తర్వాత నెక్స్ట్ కొడితే ఒక మెషీన్ బొమ్మ గీసే కొమ్మలోకి, ఇంకోటి నేరుగా పంపే కొమ్మలోకి పోతాయి.

ఏఆర్ఎం అంటే ఇలాగే ఉంటుందని బట్టీ పట్టేస్తే మళ్లీ దెబ్బతింటాం. ఆపిల్ వాళ్ల ఏఆర్ఎం మ్యాక్‌లలో చార్‌కి మైనస్ ఉంది. నిర్ణయం ప్రాసెసర్‌ది కాదు, ఆ వేదిక నియమాలది.

ఇదే దారిలో ఇంకొంచెం వెళ్తే మా జిల్లా ప్రత్యేకమైన చిక్కు ఒకటి వస్తుంది. గజపతి, రాయగడ కొండల్లో సవరలున్నారు. వాళ్ల భాష కోసం పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులు గారు పడిన శ్రమ తెలుగువాళ్లకి తెలిసిందే. సవర భాషకి సొరంగ్ సొంపెంగ్ అనే లిపి ఉంది, అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో 2012లో, 6.1 వెర్షన్‌తో చేరింది. తెలుగు, ఒడియా అక్షరాలు యూనికోడ్‌లో మొదటి 65,536 స్థానాల లోపలే ఉంటాయి. ఈ లిపి దాని అవతల ఉంది. యూటీఎఫ్-8లో అక్షరానికి నాలుగు బైట్లు, మొదటిది 240. విండోస్‌లో వైడ్ క్యారెక్టర్ 2 బైట్లది కాబట్టి ఒక సవర అక్షరం రెండు ముక్కలవుతుంది, లినక్స్‌లో అది 4 బైట్లది కాబట్టి ఒక్కటే. తెలుగుతో, ఒడియాతో పరీక్షించి ‘అన్ని లిపులూ పనిచేస్తున్నాయి’ అని సంతకం పెట్టిన పోర్ట్, సవర పేరు దగ్గర అక్షరాల లెక్క తప్పుతుంది. డీబగ్గర్‌లో ఆ స్ట్రింగ్ పొడవుని రెండు వైపులా ప్రింట్ చేస్తే ఒకటికి రెండింతలుగా కనిపిస్తుంది.

## డీబగ్గర్ తికమక పెట్టే చోట్లు

మొదటిసారి వాడేవాళ్లు బెదిరిపోయేది ‘ఆప్టిమైజ్డ్ అవుట్’ అన్న మాట చూసి. వేగం కోసం కంపైలర్ కోడ్‌ని తిరగరాస్తుంది: అక్కర్లేని వేరియబుల్స్ తీసేస్తుంది, లైన్ల వరస మారుస్తుంది. అప్పుడు నెక్స్ట్ కొడుతుంటే 50వ లైను నుంచి 53కి, మళ్లీ 51కి గెంతుతుంది. డీబగ్గర్‌కి పిచ్చెక్కిందనిపిస్తుంది కానీ అది నిజమే చెబుతోంది. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేస్తే లైన్లు బుద్ధిగా వరసలో నడుస్తాయి.

బుద్ధిగా నడిచినప్పుడు బగ్ మాయమైతేనే అసలు తలనొప్పి. మొదటి విలువ పెట్టని వేరియబుల్‌లో పాత మెషీన్ మీద అదృష్టవశాత్తూ సున్నా ఉండేది, కొత్త దాని మీద చెత్త ఉంది, డీబగ్గర్ కింద నడిపితే మళ్లీ సున్నా. పైగా లినక్స్‌లో జీడీబీ తాను మొదలుపెట్టిన ప్రోగ్రాంకి మెమరీ చిరునామాల్ని ప్రతిసారీ కలగాపులగం చేసే ఏర్పాటుని మామూలుగా ఆపేస్తుంది, కాబట్టి చిరునామా మీద ఆధారపడిన తప్పులు ఒక్కోసారి దాక్కుంటాయి. అలాంటప్పుడు డీబగ్గర్ లేకుండానే ప్రోగ్రాంని కూలనిచ్చి, అది వదిలిన కోర్ ఫైలుని (కూలిన క్షణంలోని మెమరీ నకలు) తర్వాత జీడీబీలో తెరిచి చూడటం మేలు. ప్రాణం పోయాక పోస్ట్‌మార్టం అన్నమాట.

## ప్రింట్ లైన్లు చాలవా?

కోడ్ మధ్యలో విలువల్ని ముద్రించే లైన్లు పెట్టుకుంటే చాలంటారు చాలామంది. డీబగ్గర్ వద్దనేవాళ్లలో పెద్ద పేర్లూ ఉన్నాయి. లినక్స్ కెర్నెల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2000లో తనకు డీబగ్గర్లంటే ఇష్టం లేదని బహిరంగంగానే రాశారు. అది చేతిలో ఉంటే మనిషి కోడ్‌ని అర్థం చేసుకోవడం మాని, పైపై లక్షణానికి కట్టు కడతాడన్నది ఆ వాదన సారం. అయినా 2008లో 2.6.26 వెర్షన్‌తో కెర్నెల్‌లోకి కేజీడీబీ అనే డీబగ్గర్ సౌకర్యం వచ్చి చేరింది. ఎవరి అవసరం వాళ్లది.

ప్రింట్ లైన్ల పక్షాన న్యాయమైన మాటలున్నాయి. ఎక్కడైనా పనిచేస్తాయి, కొత్తగా నేర్చుకునేదేం లేదు, జరిగింది జరిగిన వరసలో కాగితం మీద మిగులుతుంది. గంటల తరబడి నడిచి ఎప్పుడో ఒకసారి తప్పే ప్రోగ్రాంకి డీబగ్గర్ పట్టుకుని కూర్చోలేం. సమయం మీద ఆధారపడిన తప్పుల్లో ప్రోగ్రాంని ఆపడమే పరిస్థితిని మార్చేస్తుంది.

కానీ పోర్టింగ్‌లో ప్రింట్ లైనుకి ఒక సొంత జబ్బు ఉంది. ప్రింట్‌ఎఫ్‌కి (సీలో ముద్రించే ఫంక్షన్) మనం చెప్పిన రకమే వేదం. 8 బైట్ల లాంగ్‌ని పాత అలవాటు కొద్దీ ఇంట్ గుర్తుతో ముద్రించమంటే ఇంటెల్ లినక్స్ మీద కింది 4 బైట్లే చూపిస్తుంది. 500 కోట్ల విలువ 70 కోట్ల చిల్లరగా కనిపిస్తుంది. తప్పు చూపించాల్సిన పనిముట్టే తప్పు చెబుతుంది. డీబగ్గర్ అయితే రకాన్ని పట్టికలోంచి తీసుకుంటుంది కాబట్టి ఈ మోసం ఉండదు. పోర్టింగ్ వరకు నా మొగ్గు డీబగ్గర్ వైపు ఉండటానికి ఇదే పెద్ద కారణం.

ఈ రెండూ తర్వాత సంగతి, ముందు కంపైలర్ వార్నింగులన్నీ తెరిచి చదవండి అనేవాళ్లు మూడో రకం. ఆ మాటకి ఎదురు చెప్పలేను. ఫంక్షన్ల వివరాలుండే హెడర్ ఫైలు చేర్చకుండా ఫంక్షన్‌ని పిలిస్తే పాత కంపైలర్లు అది ఇంట్ ఇస్తుందనుకుని ఊరుకునేవి. 64 బిట్ మెషీన్ మీద 8 బైట్ల చిరునామా అలా సగం తెగి ప్రోగ్రాం కూలేది. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి అది వార్నింగ్ కాదు, మామూలుగా ఎర్రరే. మెమరీ హద్దులు దాటితే అరిచే అడ్రెస్ శానిటైజర్, వాల్‌గ్రైండ్ లాంటివీ ఉన్నాయి. అయితే మా మిల్లు ఫైలు గొడవని వీటిలో ఏదీ పట్టుకోదు, ఎందుకంటే భాష ప్రకారం అక్కడ తప్పే లేదు.

అసలు మార్చడమెందుకు, డాస్‌బాక్స్‌లోనే నడుపుకోండి అనేవాళ్లూ ఉన్నారు. బిల్లు ప్రింటర్, నెట్‌వర్క్ అక్కర్లేని చోట అది తెలివైన సలహానే. మిల్లు యజమాని పోర్టింగే కావాలన్నారు, ఎందుకంటే ఆయన కొత్త ప్రింటర్ కొనేశారు.

## రెండూ విడిపోతే, ఒప్పు ఎవరిది?

రికార్డులు సరిగ్గా చదవడం మొదలయ్యాక 1,200 మందీ వచ్చారు. పేర్లు, బస్తాలు, బరువులు పాత ప్రింటుతో ఒక్కొక్కటీ సరిపోయాయి. చిట్టచివర సీజన్ మొత్తం బస్తాల దగ్గర మళ్లీ తేడా. పాత ప్రోగ్రాం 464 అంటుంది, కొత్తది 66,000 అంటుంది.

“చూశారా, ఇంకా తప్పే ఉంది” అన్నారు యజమాని. ఇరవై ఏళ్ల నమ్మకం పాతదాని మీద ఉంటుంది కదా. రెండు పక్కలా మొత్తం కట్టే లూప్ దగ్గర ఆగి అడుగులు వేయించాను. 32,767 దాకా రెండూ చేయి చేయి పట్టుకుని నడిచాయి. తర్వాతి రైతు బస్తాలు కలవగానే టర్బో సీ వాచ్ కిటికీలో మొత్తం మైనస్‌లోకి పడిపోయింది, అక్కణ్ణుంచి పైకి పాకి, సున్నా దాటి 464 దగ్గర ఆగింది. 66,000లోంచి 65,536 తీసేస్తే 464. రెండు బైట్ల కుంచం ఒకసారి నిండి పొర్లిపోయింది. విడిపోయిన చోటు డీబగ్గర్ చూపించింది, ఒప్పెవరిదో దానికి తెలియదు.

ఈ గొడవంతా వింటూ మూల బల్ల దగ్గర కూర్చున్న గుమస్తా గారు లేచి బీరువా తీసి పాత రిజిస్టర్లు తెచ్చారు. ప్రతి సీజన్ చివరి పేజీకీ కంప్యూటర్ ప్రింటు అంటించి ఉంది. అడుగున మొత్తం బస్తాల అంకె ఒక్కోదాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన చేత్తో కూడి వేసిన సంఖ్య. “అది ఎప్పుడూ తప్పే సెప్తాది బాబూ, పెద్ద కూడికలు దానికి రావు” అన్నారాయన.